ముప్పుల గడిలో పింకీ

కరోనా తర్వాత బడులు మళ్లా తెరిచిన ఏడాది, ఇస్నాపూర్ దగ్గరి ఒక జిల్లా పరిషత్ హైస్కూల్‌కు గెజిటెడ్ హెడ్‌మాస్టర్‌గా ప్రమోషన్ మీద పోయిన. చేరంగనే పై ఆఫీసునుంచి ఆర్డర్ వచ్చింది: స్వాట్ విశ్లేషణ చేసి బడి అభివృద్ధి ప్రణాళిక పంపాలె. పేరే పెద్దది, పని తేలికనే. చార్టు మీద నాలుగు గడులు గీయాలె. బలాలు, బలహీనతలు బడి లోపటియి. అవకాశాలు, ముప్పులు బయటనుంచి వచ్చేయి. స్టాఫ్ మీటింగుల ఇదంత నేనే చెప్పిన.

బలాల గడిల మొదటి మాట అందరు ఒక్క గొంతుతోని చెప్పిన్రు: పదో తరగతిల నూరు శాతం రిజల్టు. ఆ నూరు తప్పితె హెడ్‌మాస్టర్‌కు సంజాయిషీ మెమో ఖాయం. అందుకే బీరంగూడనుంచి వచ్చే లెక్కల సారు వెంకటేశ్వరరావు గారు, తొమ్మిదో తరగతి పింకీ పేరును ముప్పుల గడిల రాసిన్రు. పింకీ వాళ్ల నాయిన బిహార్ మనిషి, ఫౌండ్రీల పని. పిల్ల లెక్కలల్ల చురుకు, తెలుగు మాత్రం ముక్క రాదు.

"టీసీ ఇచ్చి వాళ్ల ఊరు పంపించేద్దాం సార్, మన రిజల్టు నిలబడుతుంది," అన్నరాయన. చెడ్డోడు కాదు, భయం మనిషి. మెమో అంటె ఎవలకు ముద్దు? నాకు గూడ భయమే. కాని ఊర్ల చదివించేటోళ్లు లేరని వాళ్ల నాయిన ముందే చెప్పిండు. టీసీ ఇస్తె ఆ పిల్ల చదువు ఆగినట్టే.

సోషల్ చెప్పే ఫర్హానా మేడం చార్టు దిక్కు వేలు చూపింది. "సార్, ముప్పు అంటె బయటిది అని మీరే చెప్పిన్రు గద. పింకీ మన బడి పిల్లనేనాయె. బయటిదెట్లయితది?" అన్నది. అందరు నవ్విన్రు. నేను జెర ఆలస్యంగ నవ్విన.

పేరు కొట్టేపిచ్చి, బలహీనతల గడిల 'హిందీ పిల్లలకు తెలుగు నేర్పే ఏర్పాటు లేదు' అని రాపిచ్చిన. ఆ గడిల ఏది రాసినా సంజాయిషీ అడుగుతరని చాలమంది ఖాళీగ ఇడుస్తరు. అయ్యేదేందో అయితదని సంతకం పెట్టి పంపిన. ఇంట్ల ఉర్దూ మాట్లాడే మేడం, ప్రార్థనకు ముందు ఆ పిల్లలను కూసోబెట్టుకొని హిందీల విడమరిచి తెలుగు చెప్పింది. మూతి ముడుచుకుంటనే, ఖాళీ పీరియడ్లల్ల పింకీతోని గుణింతాలు దిద్దిచ్చింది మాత్రం వెంకటేశ్వరరావు గారే.

మర్సటేడు పదో తరగతి రిజల్టునాడు ఫోనుల పింకీ హాల్‌టికెట్ నంబరు నేనే కొట్టి చూసిన. పాసు! తెలుగుల ఏదో గట్టెక్కింది, అంతే. హమ్మయ్య అని కుర్చీల కూలబడ్డ. వాళ్ల నాయిన డ్యూటీ డ్రస్సు మీదనే ఉరికొచ్చి, ఇంటర్‌ల ఏ గ్రూపు తీసుకోవాలె అని హిందీల అడిగిండు. నేను నోరు తెరిచేలోపే లెక్కల సారు "ఎంపీసీ" అన్నరు.

రిటైరయ్యేదాంక ఆ నాలుగు గడులు ఏటేటా నింపిన. కొత్త హెడ్‌మాస్టర్లకు చెప్పేది ఒక్కటే: నూరు శాతాన్ని బలమని రాసుకుంటె, ఎనకబడ్డ పిల్ల శత్రువు లెక్క కనవడ్తది. ముందు ఆ నూరును బలాల గడిలకెళ్లి తీసేయుండ్రి.