ఆ గుడ్డలు మావే

వాకిట్లో ఆడుకుంటున్న నా కొడుకు నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ క్షణాన్ని ఏళ్లుగా మోస్తున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. పిల్లలు పడుకున్నారు. మీకు రాస్తున్నాను.

ఆ వారమంతా ఫోన్లలో ఒకటే మాట: పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు బిచ్చగాళ్ల వేషంలో తిరుగుతున్నారని. డిగ్రీ చదివినదాన్ని. నమ్మాను. నమ్మడమే కాదు, నలుగురికి పంపాను కూడా.

బయటికి ఉరికాను. తలకు తువ్వాల చుట్టుకున్న ముసలాయన నాకు వీపు పెట్టి అరుగు మీద కూర్చున్నాడు. నా కొడుకు ఆయన పక్కనే.

"పిల్లల దొంగ!" అని అరిచాను.

ఆలంపూర్ గల్లీలో జనం చేరడానికి ఎంతసేపు? పిల్లవాణ్ని లాక్కున్నాక ఆయన ముఖం చూశాను. మిలట్రీ తాత. వాడు ఆయన కొయ్యకాలు తడుముతూ వింతగా చూస్తున్నాడు, అంతే. అందుకే నవ్వు ఆగింది.

సరిహద్దులో బాంబు పేలి కాలు పోయిన మనిషి. పింఛను కొడుకు తీసుకుంటుంటే, గుడి దగ్గర అన్నదానంలో తిని బతికేవాడు. అంతకు రెండు రోజుల ముందే మా గడపకు వచ్చి ఇదంతా చెప్పాడు. "పైసలొద్దు బిడ్డా. మెత్తటి పాత గుడ్డలుంటే ఇయ్యి. కొయ్యకాలు ఒరుసుకపోతాంది" అన్నాడు. నా కొడుకు పసిగుడ్డుగా ఉన్నప్పుడు చుట్టిన బట్టలు ఇచ్చాను.

ఆయన ముఖం చూడగానే దొంగ కాదని అందరికీ చెప్పాల్సింది. నోరు రాలేదు. ఎందుకు? ఉత్తపుణ్యానికి అరిచిందని నవ్వుతారనా, జనం కోపం నా మీదికి తిరుగుతుందనా, లేక ఒక ముసలివాడి ప్రాణంకంటే నా పరువే నాకు ఎక్కువైందా?

"నేను మిలట్రోన్ని," అన్నాడు తాత.

"మిలట్రోడంట! మిలట్రోడైతే అడుక్కతింటడా?" అంటూ ఎవరో ఆయన సంచి దులిపారు. పసిపిల్లల బట్టలు రాలాయి.

"దొరికినయ్ రా! అక్కా, గివి మీ పిల్లలయేనా?" పక్కింటి అబ్బాయి అడిగాడు.

"జర చెప్పు బిడ్డా," అన్నాడు తాత. "నువ్వే ఇచ్చినవ్ గదా."

"మావే," అన్నాను.

అబద్ధం కాదు. అదే నా తెలివి. అప్పటిదాకా తోస్తున్నవాళ్లు కొట్టడం మొదలుపెట్టారు. నేను లోపలికి పోయి తలుపేసుకున్నాను.

పోలీసులు దవాఖానకు తీసుకుపోయారట. బతికాడో లేదో ఇప్పటికీ తెలియదు. అడిగితే నీకెందుకమ్మా అంటారని అడగలేదు. తల్లంటే గిట్లుండాలె అని గల్లీ అంతా నన్ను మెచ్చుకుంది. విన్నాను. తలూపాను.

గుడ్డలు నేనే ఇచ్చాను. ఇదిగో, రాశాను. క్షమించమని కాదు. ఈ ఒక్క మాట బయటపడితే ఊపిరి కాస్త ఆడుతుందని.

ఇంకొకటి మిగిలింది. మర్నాడు పొద్దున పాలు తాగుతూ నా కూతురు అడిగింది:

"అమ్మా, తాతకు గుడ్డలు నువ్వే ఇచ్చినవ్ గదా? నేను చూసిన."

దాని తమ్ముడు కూడా గ్లాసు దించి నా వైపు చూశాడు.

"నేనియ్యలే," అన్నాను. "నీకు కలొచ్చింది బిడ్డా."