‘పో’కీ ‘కు’కీ మధ్య

మొన్న ఆదివారం ఆరాధనలో వెనక బెంచీలో కూర్చున్నాను. కాయిర్ పాట ఎత్తుకుంది. పల్లవి మధ్యలో పాతిక మంది ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్న చప్పుడు. ఫ్యాన్ల గోలలో కూడా నాకు ఆ చప్పుడు వినబడుతుంది, ఒళ్లు మండిపోతుంది. ఆ ఊపిరి అక్కడ తియ్యకూడదు. ఆ పాట కట్టిన యోహాను సారు ఉండి ఉంటే హార్మోనియం మూసేసి లేచి వెళ్లిపోయేవారు. నేను లేవలేను. వాళ్లచేత అక్కడ ఊపిరి తీయిస్తున్నది నేనే.

యోహాను సారు గోదావరిఖనిలో ఒక బొగ్గుగని బాయి మీద ల్యాంప్ రూంలో పనిచేసేవారు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ టోపీ లైటు చేతికివ్వడం, పైకి వచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టడం ఆయన డ్యూటీ. ఫస్టు షిఫ్టు అయ్యాక చర్చిలో మాకు పాటలు నేర్పేవారు. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో ఐదు గీతల మీద స్వరాలు రాయడం నేర్చుకున్నారట. మా కాలనీలో ఆ విద్య ఇంకెవరికీ లేదు. ఆయన నోట మెచ్చుకోలు రావడం గగనం. నాకు తొమ్మిదేళ్లప్పుడు, పాట మధ్యలో ఆయాసం వచ్చి ఎక్కడో ఆగాను. స్కేలుతో చేతి మీద ఒక్కటి అంటించారు. “ఏందే రూతూ, ఊపిరి ఏడ వడితే ఆడ తీసుడేనా? మాట నడుమ తెగితే మతలబే మారుతది. మాట అయినంకనే తియ్యాలె.” ఆ రోజు ఆయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. కానీ ఆ తర్వాత బళ్లో ఏ తెలుగు పంతులూ నాకు మాట విలువ అంత గట్టిగా చెప్పలేదు.

ఆయన కట్టిన పాటల్లో అందరికీ నోటికి వచ్చింది ఒకటే. “చీకట్ల దిగుతున్న, నన్ను విడిచి పోకు, దేవా.” ల్యాంప్ రూం కిటికీ దగ్గర వరుసలో నిలబడ్డ మనుషులను చూస్తూ కట్టారు. ఏ దేవుడికి మొక్కేవాళ్లయినా సరే, లైటు బెల్టుకు తగిలించుకుంటూ ఆ ముక్క కూనిరాగం తీసేవారు. దిగేటప్పుడు ఎవరికైనా ఉండే భయమే కదా అది.

రిటైరైన కొన్నేళ్లకు సారుకు గొంతులో గడ్డ లేచింది. హైదరాబాదు దవాఖానలో కోసి తీశారు. గడ్డతో పాటు గొంతూ పోయింది, గుసగుస ఒక్కటే మిగిలింది. అప్పటికి నేను చౌరస్తాలో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పెళ్లి కార్డులు, ఉద్యమం కరపత్రాలతో ఊపిరాడని రోజులు. ఒకనాడు మధ్యాహ్నం సారు చంకలో నోటుబుక్కులతో వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నారు.

“నలభై పాటలున్నయి బిడ్డా. ఇగ నేను పాడి వినిపియ్యలేను. అచ్చుల గీతల మీదికెక్కితేనే బతుకుతయి. ఎక్కిస్తవా?”

“ఎక్కిస్త సారు, మీకేం ఫికర్ వద్దు.”

ఎంత తేలిగ్గా అనేశానో! స్వరాలను అచ్చు వేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందని తెలిసి దింపుకున్నాను. స్వరాలు ఒకచోట, పాట మాటలు ఇంకోచోట టైపు చేస్తే, ఒక్కో స్వరం కింద ఒక్కో అక్షరం అదే పేర్చి పెడుతుంది. పేర్చింది, నా తలకాయ! మొదటి పేజీలోనే ‘నన్ను’కు వత్తు ఊడి పక్కన పడింది. దాని మాన్యువల్ వందల పేజీలు, అంతా ఇంగ్లీషు. ఒక పేజీ ఇంకో పేజీని చూడమంటుంది, అది మొదటిదాన్నే చూడమంటుంది. తయారుచేసినవాళ్లకు ఈమెయిల్ రాశాను. వారానికి ఒక్క ముక్క జవాబు వచ్చింది: అంతా మాన్యువల్లోనే ఉంది, చదువుకోండి. చదవకుండానే రాశానా? కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

సారు రోజూ వచ్చి కూర్చునేవారు. ఒకరోజు గుసగుసగా అడిగారు. “గీ కంప్యూటర్‌కు పాట ఇనవడుతదా?”

“ఇనవడదు సారు.”

“మరి మాట ఏడ ఆగాల్నో దానికెట్ల తెలుస్తది?”

“మనం గుర్తు పెట్టాలె సారు.”

“అయితే జర పైలంగ పెట్టు.” ‘నన్’ అన్న అక్షరం రెండు స్వరాల మీద సాగాలని బల్ల మీద వేలితో రెండుసార్లు కొట్టి చూపించారు. ‘పోకు’ అయిపోయాకే ఊపిరి అని అరచెయ్యి ఎత్తి చూపించారు.

అక్షరం సాగడానికి ఏం గుర్తు పెట్టాలో వెతికాను. మాన్యువల్లో ఒకచోట స్వరాల మీద వంపుగీత పెట్టమని ఉంది, ఇంకోచోట మాటల్లో అడ్డగీత పెట్టమని ఉంది. ఎందుకైనా మంచిదని రెండూ పెట్టాను. ఈలోగా ఎవరో చెప్పిన కొత్త ఫాంటు వేస్తే వత్తులన్నీ కుదురుగా కూర్చున్నాయి. నెలల తరబడి విరిగిన అక్షరాలు చూసి చూసి ఉన్నానేమో, ఆ ఆనందంలో అక్షరదోషాలు మాత్రమే దిద్దాను. పెళ్లి కార్డులు దిద్దే కళ్లు కదా. ఒక్కో అక్షరం ఏ స్వరం కింద ఉందో వేలు పెట్టి చూడలేదు. అప్పటికి సారు మంచం పట్టారు. ప్రూఫు తీసుకెళ్లి ఆయనకు చూపిద్దామంటే, చర్చి వార్షికోత్సవానికి పుస్తకం చేతిలో ఉండాలని కమిటీ వాళ్లు నెత్తిన కూర్చున్నారు. అచ్చుకు ఇచ్చేశాను. పుస్తకం చేతిలో పెట్టినప్పుడు సారు అట్ట నిమిరారు, తెరవలేదు. “ఇగ నా ఫికర్ పోయింది రూతూ” అన్నారు. ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

రెండు నెలలకు సారు పోయారు. ఆయన దగ్గర నేర్చుకున్న పాతవాళ్లు కొందరు బదిలీ మీద రామగిరికి, కాసిపేటకు వెళ్లిపోయారు, కొందరు రిటైరై సొంత ఊళ్లకు చేరారు. సమాధి దగ్గర పాడింది కొత్త కాయిర్, పుస్తకం చూసి. “నన్ను విడిచి పో” అని అందరూ ఆగి ఊపిరి తీసుకున్నారు. ఆ తర్వాతే ‘కు’ వచ్చింది. విడిచి పోకు అని జీవితమంతా వేడుకున్న మనిషి పెట్టె దింపుతుంటే, నన్ను విడిచి పో అని పాడారు. ఇంటికొచ్చి మాన్యువల్ మళ్లీ తెరిచాను. రెండు గుర్తులూ కలిపి పెడితే ఒక స్వరం అదనంగా దాటిపోతుందని, మాటలన్నీ ఒక అడుగు వెనకబడతాయని ఎక్కడో ఒక అధ్యాయం చివర, చిన్న అక్షరాల్లో ఉంది. ఊపిరి గుర్తు మాత్రం స్వరాల మీద కదలక ఉండిపోయి, ‘పోకు’ మధ్యలో పడింది. అంతా మాన్యువల్లోనే ఉందట. నిజమే, ఉంది. వాళ్లను ఎంత తిట్టుకున్నా, ప్రూఫు సారుకు చూపించనిది నేనే కదా.

కాయిర్ లీడరుకు ఎన్నోసార్లు చెప్పాను. మంచి పిల్లవాడే. ప్రతిసారీ పుస్తకం తెరిచి చూపిస్తాడు. “బుక్కుల గట్లనే ఉన్నది కదక్కా. సారు రాసినదాన్ని మనం మారుస్తమా?” అది సారు రాసింది కాదు, నేను పెట్టిన తప్పు అంటే, నేను మర్యాదకు అంటున్నానని నవ్వుతాడు. తప్పొప్పుల పట్టీ వేసి పంచాను. ఒక్క పుస్తకంలోనూ అంటించి కనబడదు.

అందుకే ప్రతి ఆదివారం వెనక బెంచీలో కూర్చుని, సారు చెప్పినట్టే మాట తెగకుండా పాడతాను. అందరూ ‘పో’ దగ్గర ఆగినప్పుడు నేను ఆగను. ‘కు’ అని నా గొంతొక్కటే ఆ ఖాళీలో వినబడుతుంది. ముందు బెంచీ పిల్లలు వెనక్కి తిరిగి చూసి, ఈ అవ్వకు పాట రాదని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు.