దాచుకున్న వైపు

పద్మనాభం చేతిలో పడిన వస్తువుకు చావు లేదు. ఢిల్లీ ద్వారకలో వాళ్ళ అపార్ట్‌మెంట్ల సొసైటీలో ఎవర్నడిగినా ఈ మాటే చెబుతారు. పెళ్ళికి మామగారు పెట్టిన గడియారం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. స్కూటరు అమ్మకానికి పెడితే కొన్నవాడు ఇది అసలు రోడ్డెక్కిన బండేనా అని అనుమానపడ్డాడు. గురుగ్రామ్‌లో కారు విడిభాగాల కంపెనీలో స్టోర్స్ ఇన్‌చార్జిగా తలపండినవాడు కాబట్టి, వాడితే అరుగుతుంది, వాడకపోతే మిగులుతుంది అన్నది అతనికి వేదవాక్కు. ఆ వేదం వస్తువులతో ఆగి ఉంటే గొడవే లేదు. మహానుభావుడు దాన్ని తన నోటికి కూడా వర్తింపజేశాడు.

పన్నెండేళ్ళ కిందట కుడివైపు కింది దవడ పన్ను ఒకటి పుచ్చిపోయి తీసేయాల్సి వచ్చింది. ఢిల్లీ డాక్టర్ల మీద నమ్మకం చాలక సెలవు పెట్టి తెనాలి వెళ్ళి మరీ బ్రిడ్జి కట్టించుకున్నాడు. పోయిన పన్నుకు అటూ ఇటూ ఉన్న రెండు మంచి పళ్ళను అరగదీసి, వాటి మీద మూడు పింగాణీ పళ్ళను ఒకే ముక్కగా అతికించారు. పోయినవాడి బరువు పక్కవాళ్ళిద్దరూ మోస్తారన్నమాట. పంపించేటప్పుడు ఆ డాక్టరు బ్రిడ్జి కింద ఎలా శుభ్రం చేసుకోవాలో ఏదో చెప్పి, చివర్లో "జాగ్రత్తగా చూసుకోండి" అన్నాడు. పద్మనాభం ముందు చెప్పిందంతా అక్కడే వదిలేసి, ఆఖరి మాట ఒక్కటే మూటగట్టుకుని రైలెక్కాడు.

ఇక చూడండి జాగ్రత్త. ఆనాటి నుంచి ముద్ద కుడివైపుకు పోలేదు. అన్నమైనా, చపాతీ అయినా, ఆఖరికి అరటిపండైనా ఎడమవైపే. బ్రష్షు కూడా అటు వెళ్ళేసరికి దేవుడి పటం తుడిచినట్టు తాకీ తాకకుండా తిరిగొచ్చేది. పింగాణీ పుచ్చుతుందా ఏమన్నానా అని అయ్యగారి ధీమా. భోజనానికి ఇంట్లో అందరికన్నా ఎక్కువసేపు పట్టేది. గట్టివేమైనా కనబడితే కంచంలో పక్కకు నెట్టేసేవాడు. ఏ వైపు నములుతున్నావని మనిషిని ఎవరడుగుతారు? భార్య అనసూయకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. అదొక చెప్పుకోదగ్గ విషయమని అతనికి తోచనే లేదు.

మొన్నటి చలికాలంలో చపాతీ నములుతుండగా పటుక్కుమంది. విరిగింది మాత్రం ఎడమవైపు పన్ను.

దగ్గర్లో క్లినిక్ పెట్టుకున్న డాక్టర్ వైశాలి తెలుగువాళ్ళమ్మాయే. పుట్టి పెరిగిందంతా ఢిల్లీలో కావడంతో ఆమె తెలుగు సగం దారిలోనే హిందీలోకి దిగిపోతుంది. నోరంతా చూసి, చేతిలో అద్దం పక్కన పెట్టి అడిగింది.

"అంకుల్, మీరు రైట్ సైడ్ అస్సలు తినరా?"

"తిననమ్మా," అన్నాడు పద్మనాభం, మెచ్చుకుంటుందనుకుని. "పన్నెండేళ్ళయింది కట్టించి. చూడు, నిన్న వేసినట్టు లేదూ?"

"బ్రిడ్జ్ బిల్కుల్ కొత్తగా ఉంది అంకుల్. ప్రాబ్లమ్ దాని కింద. గార కట్టేసింది, చిగుళ్ళు వాచాయి. వెనక పన్ను, బ్రిడ్జ్‌ని పట్టుకున్నది, అది కొంచెం కదుల్తోంది. లెఫ్ట్ సైడేమో డబల్ డ్యూటీ చేసి అరిగిపోయింది."

పద్మనాభం నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. వాడినవి అరిగాయి, సరే, అది ధర్మం. వాడనిది ఎందుకు పాడవుతుంది? అరల్లో ఉన్నవి ఉన్నట్టే బిరుసెక్కి పగిలిన రబ్బరు బెల్టులను స్టోర్స్‌లో స్వయంగా లెక్క రాసి పారేయించిన మనిషే. ఆ నిమిషంలో మాత్రం ఒక్కటీ గుర్తుకు రాలేదు.

వైశాలి గార తీసి శుభ్రం చేసి, చేయవలసింది చెప్పింది. విరిగిన పన్నుకు క్యాప్ వేసి అది కుదురుకునే దాకా ఎడమవైపు నమలకూడదు. కుడివైపే తినాలి, మెత్తటివి. రోజూ బ్రిడ్జి కింద దారం దూర్చి తుడుచుకోవాలి.

"నెలన్నర తర్వాత చూద్దాం. పన్ను గట్టిపడితే ఠీక్ హై. లేకపోతే బ్రిడ్జ్ కోసి తీసేయాలి, ఆ పన్ను కూడా."

తీసేస్తే ఇక నమలడానికి ఏ వైపూ లేనట్టే. ఇన్నాళ్ళూ దేన్నయితే కంటికి రెప్పలా కాచుకున్నాడో అదే పోతుందంటే, అదీ తను కాచుకోవడం వల్లేనంటే, పద్మనాభానికి బుర్ర తిరిగిపోయింది. దాచి దాచి దయ్యాలపాలు చేయడమంటే ఇదే కాబోలు అనుకున్నాడు, కానీ మనసు ఒప్పుకోలేదు.

మర్నాడు పొద్దున్నే అద్దం ముందు నిలబడి, ప్లాస్టిక్ సూదికి ఎక్కించిన దారాన్ని బ్రిడ్జి కింద దూర్చాడు. రెండుసార్లు అటూ ఇటూ లాగేసరికి దారం ఎర్రబడింది. తువ్వాలు ఇవ్వడానికి వచ్చిన అనసూయ అది చూసి హడలిపోయింది.

"అయ్యో, నెత్తురేంటండీ! వాచినచోట ఎవరైనా రుద్దుతారా? ఆపండి ముందు. ఉప్పునీళ్ళు పుక్కిలించి ఊరుకోండి."

అతనికీ అదే న్యాయమనిపించింది. నెత్తురొస్తే చెయ్యి తీసేయాలని చిన్నపిల్లాడికైనా తెలుసు. వైశాలికి ఫోన్ చేశాడు.

"అంకుల్, ఆపకండి. ఇన్నాళ్ళు క్లీన్ చెయ్యలేదు కదా, అందుకే బ్లడ్. మెల్లగా చెయ్యండి, కానీ రోజూ చెయ్యండి. తగ్గకపోతే నా దగ్గరికి రండి."

దాచుకున్నదాన్ని వాడమంటుంది. నెత్తురొచ్చేచోట తోమమంటుంది. తను నమ్మినవన్నీ తలకిందులవుతుంటే ఎటూ పాలుపోక, ఇంట్లో అనసూయ మాటా, అక్కడ డాక్టరమ్మ మాటా రెండూ విన్నాడు. ఉప్పునీళ్ళు పుక్కిలించాడు, దారమూ లాగాడు. తిండి దగ్గర ఇంకో గోల. ముద్ద కుడివైపు పెడితే నాలుక దాన్ని చడీచప్పుడు లేకుండా ఎడమవైపుకు తోసేసేది. సెలవు రోజున కూడా కాళ్ళు ఆఫీసు క్యాబ్ ఆగేచోటికే నడిచినట్టు. పప్పన్నం తింటూ బుగ్గ కొరుక్కుని ఉలిక్కిపడేవాడు. కొన్నాళ్ళకు నెత్తురు రావడం మానేసింది. అది బాగుపడటమో, ఇంకేదైనా ముంచుకొస్తుండటమో అతనికి తెలియలేదు. భయపడుతూనే తిన్నాడు, భయపడుతూనే తోమాడు.

నెలన్నర తర్వాత వైశాలి వెనక పన్నును వేలితో కదిపి చూసింది, మళ్ళీ చూసింది. పద్మనాభం కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"పట్టు వచ్చింది అంకుల్. ఉంచేద్దాం. లైఫ్‌లాంగ్ అని ప్రామిస్ చెయ్యను, కానీ ఇలాగే చూసుకుంటే చాలా ఏళ్ళు ఉంటుంది. ఇక రెండు వైపులా మామూలుగా తినండి. ఎముకలూ ఐసు ముక్కలూ కొరక్కండి, అంతే."

ఇంటికొచ్చేసరికి అనసూయ వంటింట్లో చేగోడీలు డబ్బాకెత్తుతోంది, పక్కింటి వాళ్ళ కోసమట. పద్మనాభం ఒకటి తీసుకున్నాడు. ఆమె చిత్రంగా చూసింది. కుడివైపు పెట్టుకుని, కళ్ళు మూసుకుని కొరికాడు. ఫెళ్ళుమంది. పన్ను కాదు, చేగోడీ. ఆ చప్పుడు కుడిచెవిలో గుయ్యిమంది. పన్నెండేళ్ళుగా ఆ చెవి అలాంటి చప్పుడు ఎరగదు. సంతోషం పట్టలేక నవ్వేశాడు.

"ఎంత బాగున్నాయే! ఎక్కడ నేర్చుకున్నావు?"

అనసూయ నవ్వలేదు.

"నేర్చుకోవడమేంటండీ? పెళ్ళైన కొత్తలో అడిగి మరీ చేయించుకునేవారు. తర్వాత తర్వాత కంచంలో పక్కకు నెట్టేయడం మొదలెట్టారు. వేపుళ్ళూ అంతే, వడలూ అంతే. నా చేతి రుచే పోయింది కాబోలనుకుని మీకు పెట్టడం మానేశాను. వాళ్ళకీ వీళ్ళకీ చేసి ఇస్తున్నాను, ఎవరో ఒకరు బాగున్నాయంటారని."

పద్మనాభం చెప్పాడు. బ్రిడ్జి అరిగిపోతుందని దాన్ని దాచుకున్న సంగతి, అన్నేళ్ళూ ఒక్క వైపే నమిలిన సంగతి. అనసూయ అంతా విని, డబ్బా మూత పక్కన పెట్టింది.

"పన్ను కోసమా?" అంది. "ఒక్కమాట చెబితే ఏం పోయేదండీ?"

ఏం పోయేదో అతను నిజంగానే వెతుక్కున్నాడు. ఏమీ పోయేది కాదు, చెప్పకపోవడం వల్ల పోయినవి మాత్రం పన్నెండేళ్ళ చేగోడీలు. ఆమె ఇంకో చేగోడీ తీసి అతని చేతిలో పెట్టింది. నోటి దాకా తీసుకెళ్ళాడు గానీ, ఏ వైపు నమలాలో ఆ క్షణంలో పద్మనాభానికి తెలియలేదు.