పురుగుల షెడ్డులో పద్నాలుగు రోజులు

రెండో విడత కరోనా మా పల్లెకు వచ్చినప్పుడు నాకు పదిహేనేళ్ళు. మాది కర్ణాటకలో కెంచార్లహళ్ళి పక్కన. పదో తరగతి ఎస్సెల్సీ పరీక్ష ఎప్పుడు జరుగుతుందో ఎవరికీ తెలియదు. ఇంట్లో అమ్మ, నాయన, నాయన వాళ్ళమ్మ అయిన అవ్వ, నేను. నలుగురికీ కరోనా పరీక్ష చేస్తే నేనొక్కదాన్నే పాసయ్యాను, పాజిటివ్ అని.

నన్ను ఎక్కడ ఉంచాలనే చర్చ ఎక్కువసేపు సాగలేదు. ఇంటి వెనక పట్టుపురుగులు పెంచే షెడ్డు ఉంది. పట్టుగూళ్ళు అమ్మేశాక ఖాళీగా ఉంది. పురుగులకు రోగం తగలకుండా ఏళ్ళ తరబడి చేస్తున్నవన్నీ అవ్వ నాకూ చేయించింది. బ్లీచింగ్ నీళ్ళతో నేల కడిగించింది, గడప ముందు సున్నం చల్లించింది. ఆరోగ్య కార్యకర్త మాత్రలు, ఆక్సీమీటరు ఇచ్చి జాగ్రత్తలు చెప్పబోతే అవ్వ అడ్డుపడింది.

"ఇన్నేండ్లు పురుగుల్ని చూసుకున్నోల్లం. బిడ్డను చూసుకోలేమా అమ్మా?"

కార్యకర్త అయినా అన్నీ చెప్పే వెళ్ళింది.

జ్వరం మూడు రోజులకే తగ్గింది. భయం తగ్గలేదు. క్లాసులో నా పక్కన కూర్చునే అమ్మాయి వాళ్ళ నాన్న చిక్కబళ్ళాపురలో ఆస్పత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. అది ఫోన్లో తెలిసిన రోజు నుంచి నేను ఆక్సీమీటరులోంచి వేలు తీయలేదు. అంకె తొంభై ఎనిమిది నుంచి తొంభై ఏడుకు దిగితే చచ్చిపోతున్నానని తీర్మానించుకునేదాన్ని. రాగి సంగటి ముట్టకుండా గడప దగ్గర పెట్టేసేదాన్ని. గంట తర్వాత అమ్మ వేడి సంగటి మళ్ళీ పంపేది.

నాయనకు మాటలు తక్కువ. పొద్దున్నే మాస్కు పెట్టుకుని, షెడ్డు జాలీ కిటికీకి బయట దూరంగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కన్నడ పేపరు గట్టిగా చదివేవాడు. చావుల వార్తలున్న పేజీలన్నీ తిప్పేసేవాడు. ఇక మిగిలేది వాతావరణం. మంగళూరులో వాన పడుతుందో లేదో ఆ రోజుల్లో నాకు బాగా తెలుసు. ఆక్సీమీటరు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మాత్రమే చూడాలని, అంకె తనకు వినిపించాలని ఆయనే నియమం పెట్టాడు. తన నోటుబుక్కులో రాసుకునేవాడు.

ఏడో రోజు అడిగేశాను.

"నాయనా, నాకేమన్నా అయితే?"

ఆయన పేపరు మడిచాడు. ఏమీ కాదు అంటాడనుకున్నాను. ఫోన్ చేసిన బంధువులందరూ అదే అన్నారు.

"నాకూ భయంగానే ఉండాది పాపా," అన్నాడు. "కారు మాట్లాడి పెట్టినా. బెడ్డు యాడ ఖాళీ ఉండాదో దినమూ కనుక్కుంటాండా. పోవాల్సొస్తే ఇద్దరమూ పోదాం. అంతదాకా నేను ఈడనే కూచోనుంటా."

మళ్ళీ పేపరు విప్పి హుబ్బళ్ళి ఎండ గురించి చదివాడు.

ఆ మధ్యాహ్నం రెండు ముద్దలు తిన్నాను. మరుసటి రోజు అమ్మ మూడు పంపింది.

పద్నాలుగు రోజులూ పూర్తయ్యాక అవ్వ వేపాకు నీళ్ళతో నాకు తలంటింది, రెండుసార్లు. నాయన అన్నం తిని, అరుగు మీద నడుం వాల్చి, అలాగే నిద్రపోయాడు. లేపొద్దని, ఇన్ని రోజులూ సరిగ్గా పడుకోలేదని అమ్మ చెప్పింది. అంతవరకూ ఆ సంగతి నాకు తెలియదు. సాయంత్రం వాన మొదలై అరుగు మీదికి జల్లు కొట్టింది. నేనూ అమ్మా గోనెసంచులు అడ్డం కట్టాం. ఆయన అటు తిరిగి పడుకున్నాడు.