పక్క సీట్లో సంచి

మా ఆంటీ శనివారం పోయారు. మాకు బుధవారం తెలిసింది.

నాతో చదివిన హరీష్ ఫోన్ చేసేసరికి నేను టొరంటో దగ్గర ఏజాక్స్‌లో మా ఆఫీసులో ట్రక్కుల షెడ్యూలు ముందేసుకుని కూర్చున్నాను. "స్వాతీ, ఆంటీ పోయిందే," అన్నాడు. గుండె ఆగిపోయిందట. "శనివారమే పోయిందట. చెత్త డబ్బా బయట పెట్టలేదేందని పక్కింటి తెల్లాయన తలుపు కొట్టిండట. నాలుగు రోజులు మనం ఏం చేస్తున్నమే?" చెత్త డబ్బా చూసి ఒక పరాయి మనిషికి అనుమానం వచ్చింది. ఆమె వండిన పప్పుచారు ఏళ్ళ తరబడి తిన్న మా ఆరుగురికీ రాలేదు. అప్పటి నుంచి నాకు ఒళ్ళంతా మంటగా ఉంది. ఏడుపు కూడా సరిగ్గా రావడం లేదు.

ఆంటీ మాకు చుట్టం కాదు. తెనాలి దగ్గర పుట్టి, ఐర్లండ్‌లో ఒక పల్లెటూరి వృద్ధాశ్రమంలో పదిహేనేళ్ళు నర్సుగా చేసి, తర్వాత కెనడా వచ్చి సార్నియాలో అదే పని చేసేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "తీరిక దొరకలేదమ్మా, ఇప్పుడేం తొందర?" అనేవారు అరవై ఏళ్ళ వయసులో.

మన పిల్లలు విమానాలకు విమానాలు దిగుతున్న రోజులవి. నన్ను పంపిన హైదరాబాద్ కన్సల్టెంటు సార్నియా అంటే టొరంటో పక్కనే అన్నాడు. మ్యాపులో వేలు పెట్టి మరీ చూపించాడు. ఆ వేలి వెడల్పు మూడు గంటల ప్రయాణమని దిగాక తెలిసింది. ఇప్పుడు కనబడినా వాడిని వదలను. కాలేజీ, బేస్‌మెంట్, పార్ట్‌టైం పని, మళ్ళీ బేస్‌మెంట్. నాకూ నాతో చదివే ప్రణతికీ ఆంటీ వాళ్ళ వృద్ధాశ్రమం వంటగదిలోనే పని దొరికింది. ఒకరోజు మధ్యాహ్నం గిన్నెలు తోముతుంటే వచ్చి పక్కన నిలబడ్డారు.

"వచ్చి ఎన్నాళ్ళయిందమ్మా?"

"నాలుగు నెలలు ఆంటీ."

"సరస్సు చూశారా?"

"లేదాంటీ. మాకు సెలవున్న పూట బస్సుండదు."

ఆమె మొహం ఎర్రబడింది. "సముద్రమంత నీళ్ళు ఊళ్ళో పెట్టుకుని నాలుగు నెలలు బేస్‌మెంట్ గోడ చూస్తూ కూర్చున్నారా? ఆదివారం తొమ్మిదింటికి రెడీగా ఉండండి. మీలాంటోళ్ళు ఇంకెవరైనా ఉంటే పిలవండి. పొడి సాక్సులు నేను తెస్తా."

అలా ఆరుగురం పోగయ్యాం. ఆమె బండిలో ఎనిమిది సీట్లు. వెనక రెండు వరసల్లో మేం ముగ్గురు ముగ్గురు. ముందు, ఆమె పక్కన, ఒక పెద్ద గోనె సంచి. అందులో ఫ్లాస్కు, తువ్వాళ్ళు, వాంతి కవర్లు, పొడి సాక్సులు, పులిహోర డబ్బా. సంచి బరువుకి సీటు బెల్టు పెట్టుకోమని బండి కూతపెట్టేది. అందుకని సంచికి బెల్టు పెట్టేవారు. ముందు కూర్చుంటానని ఎవరు అడిగినా, "వద్దు, కబుర్లలో పెట్టి దారి తప్పిస్తారు," అని వెనక్కి తోలేవారు.

బండి కదిలే ముందు ఒక తంతు ఉండేది. "పక్కన ఎవరు?" అని అడిగేవారు. ప్రతి ఒక్కరం పక్కవాళ్ళ మొహం చూసి పేరు చెప్పాలి. మన పేరు మనం చెప్పుకోకూడదు. యాపిల్ తోటకి పోయినా అంతే, కాఫీకి ఆగినా అంతే. పాతికేళ్ళ వాళ్ళం, మాకు చిరాకేసేది. "ఆరుగురమే కదా ఆంటీ, లెక్కపెట్టుకోండి," అని నేనొకసారి విసుక్కున్నాను. "లెక్క నాకు వద్దు," అన్నారు.

మూడేళ్ళ కింద, అందరికీ కెనడాలో స్థిరపడే పీఆర్ వచ్చాక, ఆమె మమ్మల్ని ఐర్లండ్ తీసుకెళ్ళారు. మా పాస్‌పోర్టులకి వీసా కావాలి. ఆరు ఫైళ్ళూ ఆమే సర్దారు. పడమటి వైపు ఒక చిన్న ఊళ్ళో ఇల్లూ, ఎనిమిది సీట్ల బండీ అద్దెకి తీసుకుని, రోజుకో దిక్కు వెళ్ళి సాయంత్రానికి తిరిగి వచ్చేయాలి. "రోజూ పెట్టె సర్దుకుంటే అది విహారం కాదు, ఇల్లు మారడం," అనేవారు.

ఆ పల్లెలన్నీ వృద్ధాశ్రమం పెద్దవాళ్ళని తిప్పి తిప్పి ఆమెకు కొట్టిన పిండి. ఎక్కడ మెట్లున్నాయో, ఎక్కడ చక్రాల కుర్చీ పోతుందో, ఎక్కడ ఏడుగురికి ఒకే బల్ల దొరుకుతుందో అన్నీ తెలుసు. "ముందు బాత్రూమ్, తర్వాతే అందం," అనేవారు. గుంపుని తీసుకెళ్ళే చోట చూడ్డానికే కాదు, చేతికి కూడా పనుండాలని ఆమె పట్టుదల. ఉత్త చూసేదైతే పది నిమిషాల్లో అందరూ ఫోన్లలోకి పోతారట. అందుకే ఒక రైతు ఇంటి వంటగదిలో మా చేత మజ్జిగా వంటసోడా వేసి రొట్టె కలిపించారు. బురద నేలలోంచి ఇటుకల్లా కోసి ఎండబెట్టి పొయ్యిలో కాల్చుకునే మట్టి ఉంటుందక్కడ. దాన్ని పారతో కోయించారు. నడవలేనివాళ్ళ కోసం పెట్టిన గుర్రబ్బండి ఎక్కించి, దానికో పాట కట్టమని హరీష్ వెంటపడ్డారు. కొండ అంచు మీద గాలికి నా టోపీ ఎగిరి సముద్రంలో పడితే, నాకంటే ఎక్కువ నవ్వింది ఆమే.

నాలుగో రోజు గొర్రెల ఫారానికి వెళ్ళాం. రైతు ఈల వేస్తే కుక్క కొండ మీది గొర్రెల్ని తరుముకొస్తుంది. రేకుల షెడ్డులో బెంచీలున్నాయి. గొర్రె పిల్లలకి సీసాతో పాలు పట్టొచ్చు. మేం పట్టేశాక వాన అందుకుంది. ఆంటీ షెడ్డు గుమ్మంలో నిలబడి ఒక రాతిగోడ వైపు చూస్తున్నారు.

"ఒకసారి మా హోమ్ నుంచి పన్నెండు మంది పెద్దవాళ్ళని తెచ్చామిక్కడికి," అన్నారు. "ఇలాగే వాన. బస్సెక్కాక లెక్కపెట్టా. పన్నెండు. బయల్దేరాం. ఇరవై కిలోమీటర్లు పోయాక వెనకనుంచి ఒకాయన, 'ఇది మా బస్సు కాదనుకుంటా,' అన్నాడు. ఇంకో హోమ్ ఆయన. అదే రకం టోపీ. మా పెద్దాయన ఇక్కడే ఉండిపోయాడు. అదిగో, ఆ గోడ పక్కన. లోపలికి రమ్మని వీళ్ళు ఎంత పిలిచినా రాలేదంట. మా వాళ్ళొస్తారు, నేను కనబడకపోతే కంగారుపడతారని వానలో అక్కడే నిలబడ్డాడంట. పది రోజులకి పోయాడు. నన్నెవరూ ఒక్క మాట అనలేదు." గోడ మీంచి కళ్ళు తిప్పి మా వైపు చూశారు. "పన్నెండు సరిపోయిందమ్మా. మనిషి సరిపోలేదు."

ఇది విన్నాక ఎవరికైనా బుద్ధి రావాలి. నాకు రాలేదు. అరగంట తర్వాత అందరం తడుస్తూ బండిలోకి పరిగెత్తాం. "పక్కన ఎవరు?" అని అడిగారు. నేను ఫోన్ తుడుచుకుంటూ "ప్రణతి" అన్నాను. బండి కదిలింది. గేటు దాటలేదు, అద్దంలోకి చూసి బ్రేకు కొట్టారు.

"స్వాతీ, నీ పక్కన ఎవరన్నావ్?"

"ప్రణతి…" అని అప్పుడు చూశాను. సీట్లో ప్రణతి కోటు ఉంది. ప్రణతి లేదు. "కోటుంది ఆంటీ, అందుకని…"

"కోటు చూసి మనిషుందనుకున్నావా?"

గట్టిగా కూడా అనలేదు. ఇంజను ఆపేశారు. గొర్రె పిల్ల దగ్గర ఆలస్యమైన ప్రణతి నవ్వుతూ పరిగెత్తుకొచ్చింది. ఆంటీ దిగి వానలో ఎదురు వెళ్ళి తన తువ్వాలు కప్పి తీసుకొచ్చారు. ఆ సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. ఇంటికొచ్చాక నా మంచం మీద ఒక జత పొడి సాక్సులున్నాయి.

చివరి రోజు బయల్దేరేముందు తంతు అయ్యాక హరీష్ వెనక నుంచి అరిచాడు. "అందరివీ అయినయ్. మరి మీ పక్కన ఎవరున్నరు ఆంటీ?" ఆమె నవ్వి, సంచి మీద ఒక చరుపు చరిచి, "నా పక్కన ఈవిడుందిగా!" అన్నారు. అందరం పగలబడి నవ్వాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా చెంప నేను వాయించుకోవాలనిపిస్తోంది.

తర్వాత ఉద్యోగాల వెంట తలో దిక్కూ పోయాం. సార్నియాలో ఎవరూ మిగల్లేదు. ఆమె రిటైరయ్యారు. ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి గ్రూపులో మెసేజ్ వచ్చేది, "పక్కన ఎవరు?" అని. ఆ వారం మాలో ఎవరితో గొంతు విని మాట్లాడామో ఆ పేరు రాయాలి. మొదట్లో రాసేవాళ్ళం. తర్వాత బొటనవేలు బొమ్మలు పెట్టాం. ఒకసారి నేను ప్రణతికి ఫోన్ చెయ్యకుండానే "ప్రణతి" అని రాసేశాను. మళ్ళీ కోటే చూపించాను ఆమెకి. ఇన్ని ఆదివారాల్లో ఒక్కరం కూడా "ఆంటీ" అని రాయలేదు. అడిగే మనిషిని లెక్కలో వెయ్యాలని మాకు తోచలేదు.

ఆ ఆదివారం మెసేజ్ రాలేదు. నేను గమనించలేదని చెప్పుకుంటే బాగుండేది. గమనించాను. పది గంటలకి గ్రూపు తెరిచి చూశాను. పైన ఆమె ఫొటో, రాతిగోడ ముందు రెయిన్‌కోటులో నవ్వుతూ. ఆంటీ ఉన్నారులే అనుకున్నాను. అమ్మయ్య, ఈ వారం తప్పింది అని కూడా అనుకున్నాను. ఇది రాయడానికే ఇంతసేపు కూర్చున్నాను. నా మీద నాకున్న కోపం ముందు ఆ కన్సల్టెంటు మీది కోపం ఎంత!

ఆమె మీద కూడా కోపం ఉంది, దాచడం దేనికి? ఛాతీలో నొప్పని పక్కింటాయనతో రెండు వారాల కిందే అన్నారట. మాకెందుకు చెప్పరు? పిల్లలు పనుల్లో ఉంటారు, కంగారుపడతారు అన్నారట. వానలో నిలబడ్డ ఆ పెద్దాయన కూడా సరిగ్గా ఇదే అన్నాడు కదా ఆంటీ. మీరు ఆ కథ మాకెందుకు చెప్పినట్టు?

చర్చి హాల్లో ప్రార్థన జరిగింది. ఆమె తమ్ముడు తెనాలి నుంచి వీడియోలో కూర్చున్నాడు, పాపం, మాట రాలేదు. టొరంటో నుంచి ఒక సంఘం పెద్దమనిషి వచ్చాడు. ఒకప్పుడు వాళ్ళ పిక్నిక్ బస్సులో మాకు సీట్లిమ్మని ఆంటీ అడిగితే, "ఫ్యామిలీస్‌కి మాత్రమేనండీ, స్టూడెంట్స్ వస్తే కష్టం," అన్నది ఈయనే. ఇప్పుడు మైకు పట్టుకుని, "వందలాది విద్యార్థులకు కన్నతల్లి," అన్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"ఆరుగురం సార్."

"ఏంటమ్మా?"

"వందలు కాదు. ఆరుగురం. పేర్లు కూడా చెప్పమంటారా?"

హరీష్ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. పెద్దమనిషి గొంతు సవరించుకుని మళ్ళీ వందల దగ్గరే మొదలుపెట్టాడు. ఆయన్ననడానికి నాకేం హక్కుందని? ఆయనకి ఆమె తెలియదు. మాకు తెలుసు.

సమాధుల దగ్గర్నుంచి ఆమె బండిలోనే తిరిగొచ్చాం. హరీష్ డ్రైవింగ్ సీట్లో కూర్చున్నాడు. మిగతా ఐదుగురం అలవాటు ప్రకారం వెనక్కి ఎక్కాం. ముందు సీట్లో సంచి అలాగే ఉంది, బెల్టు పెట్టుకుని. తాళం తిప్పబోయి హరీష్ ఆగాడు. ఎవరూ అడగకుండానే ప్రణతి నా మొహం చూసి, "నా పక్కన స్వాతి," అంది. నేనూ తన మొహంలోకి చూసి, "ప్రణతి," అన్నాను. ఒక్కొక్కరూ చెప్పారు. హరీష్ వంతొచ్చింది. పక్కకి చూశాడు, నోరు తెరిచాడు, చెప్పలేకపోయాడు.

నేను దిగి ముందు తలుపు తీశాను. సంచి బెల్టు విప్పి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సీటు మధ్యలో సంచి అడుగు ఎంతో అంత గుంట పడిపోయి ఉంది.

"నా పక్కన స్వాతి," అని హరీష్ బండి తీశాడు.

ఇన్నేళ్ళూ వెనక సీట్లోంచి అద్దంలో ఆమె కళ్ళు మాత్రమే చూశాం. ఇక్కడ్నుంచి డ్రైవరు మొహమంతా కనిపిస్తోంది. చెయ్యి చాస్తే భుజం అందుతుంది.