పొద్దున్నే బావ చెప్పే రంగు

పేపరు పని ముగించుకుని మేడ్చల్‌లోని ఇంటికి చేరి, ఆలస్యంగా పడుకునే నాకు పొద్దున ఆరు గంటలంటే మంచి నిద్రవేళ. సరిగ్గా అప్పుడే మా బావ ఫోను వచ్చేది. ఎట్లున్నవ్ అనే పలకరింపు కూడా ఉండేది కాదు.

"ఇయ్యాల పసుపుకొమ్ము ఇరిచినట్టున్నది, బామ్మర్దీ."

"మంచిది బావా. ఇగ పండుకోనియ్యి."

"పండుకో, పండుకో. ఊరంత లేసినంక నువ్వు లేస్తవ్. మల్ల ఊరి సంగతులు మాకే జెప్తవ్."

ఆయన చెబుతున్నది ఆ పొద్దున తాను చూసుకున్న మలం రంగు. ఎవరైనా వింటే నవ్వుతారు. మేమూ నవ్వుకునేవాళ్లం. ఆ రంగు నిలిచినన్నాళ్లే ఆయన మాకు ఉంటాడని మాత్రం ముగ్గురికీ తెలుసు. ఆయనకు, మా అక్కకు, నాకు.

బావది శామీర్‌పేట దగ్గర అలియాబాద్. పాలకూర, తోటకూర, కొత్తిమీర పండించి, తెల్లవారకముందే కట్టలు కట్టి, మోపెడ్ మీద వేసుకుని వెళ్లి అమ్ముకొచ్చేవాడు. కట్టలు తడిగా ఉండాలని పైన గోనెసంచి కప్పేవాడు. దాంతో ఆయన చొక్కా వీపు ఎప్పుడూ తడిసే ఉండేది. ఒక ఎండాకాలం చివర్లో ఆయన కళ్లు పచ్చబడ్డాయి. ఊళ్లో పసిరికలన్నారు, అంటే కామెర్లు. పక్క ఊళ్లో పసరు పోసే పెద్దాయన దగ్గరికి వెళ్లి పరగడుపున మందు తాగి వచ్చాడు. ఆ మందుకు పథ్యం ఉంది. ఉప్పు లేదు, కారం లేదు, నూనె చుక్క తగలకూడదు. మజ్జిగ కలిపిన సల్లబువ్వ ఒక్కటే. అక్క ఆ పథ్యాన్ని వ్రతంలా నడిపింది. తాను కూడా ఆ ఇంట్లో పోపు వేసుకోలేదు, ఆ వాసనకు ఆయన నోరు ఊరుతుందని.

నాకు సెలవు దొరికిన రోజు చూడ్డానికి వెళ్లాను. ఇంటి ముందు రేకుల కింద మంచం వేసుకుని, చేతులు గోక్కుంటూ కూర్చున్నాడు. చిక్కిపోయాడు. కానీ ముఖంలో ఏదో గెలిచిన కళ.

"మందు మంచిగ పనిజేసింది బామ్మర్దీ. నాల్గు దినాల సంది తెల్లగ వస్తాంది. లోపలి ఖరాబంత పోయింది."

"తెల్లగంటే?"

"తెల్లగంటే తెల్లగనే. గోడకేసే సున్నం లెక్క."

వాకిట్లో బియ్యం చెరుగుతున్న అక్క తలెత్తకుండానే అంది: "తినేది తెల్లబువ్వ, తాగేది తెల్లసల్ల. తెల్లగ రాక ఎర్రగొస్తదా తమ్మీ?"

లెక్క సరిగ్గా కుదిరినట్టే ఉంది. చుట్టుపక్కల ఆడవాళ్లు కూడా అదే మాట అని ధైర్యం చెప్పి వెళ్లారట. నాకు వైద్యం తెలియదు. ఆరోగ్యం పేజీకి వచ్చే వ్యాసాల్లో అచ్చుతప్పులు దిద్దిన చదువే నాది. అయినా ఆ వ్యాసాల్లో తెల్లమలం అన్న మాట వచ్చిన ప్రతిచోటా పక్కనే 'ఆలస్యం చేయకూడదు' అని ఉండేది. మూత్రం ఎట్లా ఉందని అడిగాను. పాలు పోయని చాయ్ లెక్క ఉందన్నాడు. దురద రోజురోజుకూ ఎక్కువైతాందన్నాడు. మర్నాడే బండి మీద ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాను. పథ్యం చెడుతుందని అక్క సల్లబువ్వ డబ్బా పట్టుకుని వెనకే బస్సులో వచ్చింది.

డాక్టరమ్మ స్కానింగ్ చూసి, మా ముగ్గురినీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది.

"తెల్లన్నం తిన్నంత మాత్రాన తెల్లగా రాదు. మలానికి ఆ గోధుమరంగు, పసుపురంగు వచ్చేది కాలేయం నుంచి పేగులోకి దిగే పైత్యరసం వల్ల. మీకది దిగడం లేదు. దారి మూసుకుపోయింది. పేగులోకి రావాల్సింది రక్తంలోకి పోతోంది. అందుకే కళ్లు పచ్చగా, మూత్రం ముదురుగా, ఒంటికి దురద."

"రాయి అడ్డం బడ్డదా మేడం?" బావ అడిగాడు.

"రాయి కాదు. క్లోమం దగ్గర గడ్డ."

బావ గోక్కుంటున్న చేయి ఆపాడు. "తీసేయొచ్చా?"

తీయడానికి వీల్లేనంత దూరం పాకిందని ఆమె చెప్పింది. నోట్లోంచి కెమెరా గొట్టం పంపి, మూసుకున్న దారిలో స్టెంట్ అనే సన్నని గొట్టం పెడితే పైత్యరసం దిగుతుంది, దురద పోతుంది, తిండి సయిస్తుంది, కొంతకాలం హాయిగా తిరగొచ్చు అంది. ఆ స్టెంట్ మళ్లీ మూసుకుపోవచ్చు, రోజూ రంగు చూసుకోండి, తెల్లబడినా, చలిజ్వరం వచ్చినా ఆ రోజే రండి అని మరీ మరీ చెప్పింది.

బయటికొచ్చాక బావ అన్నాడు: "తలుపైతే తెరుస్తరట బామ్మర్దీ. దొంగ మాత్రం ఇంట్లనే ఉంటడట."

స్టెంట్ వేసిన కొన్ని రోజులకు రంగు తిరిగొచ్చింది. ఆ సంగతి ఫోనులో చెబుతూ అక్క ఏడ్చింది. ఇంట్లో మళ్లీ పోపు గింజలు చిటపటలాడాయి. అప్పటినుంచే మొదలైంది పొద్దుటి ఫోను. మొదట్లో సిగ్గుపడి అక్క చేత చెప్పించేవాడు. తర్వాత ఆ సిగ్గు ఎటో పోయింది. మక్కరొట్టె రంగన్నాడు, కొత్త బెల్లం అన్నాడు, వానకు తడిసిన చెలక మన్ను అన్నాడు. ఒకరోజు ఎర్రగుందన్నాడు. రక్తమేమోనని నాకు నిద్ర వదిలిపోయింది. డాక్టరమ్మకు ఫోను చేస్తే ముందు రోజు ఏం తిన్నాడో అడగమంది. మళ్లీ బావకు చేసి అడిగితే వెనకనుంచి అక్క గొంతు: "నిన్న బీట్‌రూట్ కూర రెండుసార్లు ఏసుకున్నడు, జెప్పు!" మర్నాటికి మామూలైంది. ఇంకోసారి ఆకుపచ్చ. పాలకూర పప్పు పుణ్యం. నీరసానికి ఐరన్ మాత్రలు రాసినప్పుడు నల్లబడింది. మాత్రల వల్ల నలుపు రావొచ్చని, తారులా జిగటగా, చెడువాసనతో వస్తే మాత్రం లోపల రక్తం పోతున్నట్టు, వెంటనే రమ్మని డాక్టరమ్మ ముందే చెప్పింది.

"గిన్ని రంగులు హోలీకి గూడ సూడలే," అనేవాడు. "ఊరందరియి రాస్తవ్ గద, నాది గూడ పేపర్ల ఎయ్యి."

"జిల్లా పేజీల ఏస్త బావా."

"గంతేనా? మొదటి పేజీల రాదా?"

"మొదటి పేజీ ఎప్పటికీ రాజకీయాలకే."

"రెండూ ఒక్కటే గదరా!"

అట్లా ఒక వానాకాలం గడిచింది, చలికాలం వచ్చింది. మళ్లీ మోపెడ్ తీశాడు. ఎక్కువ దూరం కాదు, చెరువు దాకా, తిరిగి ఇంటిదాకా. ఒంట్లో మాంసం మాత్రం నిలవలేదు.

ఎండలు ముదరకముందు ఆయన ఫోను తీరు మారింది. "మంచిగున్నది, పసుపు లెక్కనే," అని రంగు ఒక్క ముక్కలో తేల్చేసి, వేరే కబుర్లలోకి దిగేవాడు. చిన్నప్పుడు శామీర్‌పేట చెరువులో బర్రె తోక పట్టుకుని ఈదడం. మా అక్కను చూడ్డానికి వచ్చినప్పుడు మేడ్చల్ బస్టాండులో కొత్త చెప్పులు పోగొట్టుకుని, స్నేహితుడివి అడిగి తొడుక్కొని రావడం. "మీ నాయిన నా మొకం సూసిండు, మీ అవ్వ చెప్పులు సూసింది," అని నవ్వాడు. నేను కూడా నిద్ర మానుకుని, లేచి కూర్చుని వినేవాణ్ని. గొంతు బాగుందని, మనిషి కోలుకుంటున్నాడని అనుకున్నాను.

తర్వాత ఒకరోజు అక్క ఫోను చేసింది. "తమ్మీ, మీ బావ నీకు అబద్ధం జెప్తుండు. మల్ల సున్నం లెక్కనే వస్తాందట. రాత్రంత గోక్కుంటుండు. జల్దీ రా."

వెళ్లేసరికి కళ్లు మళ్లీ పచ్చగా ఉన్నాయి. కోపం ఆపుకోలేక ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆయన నవ్వాడు.

"నిజం జెప్తే బండేసుకొని ఉరుకొస్తవ్, దవాఖానకు తోల్కపోతవ్. మంచిగున్నదంటే జరసేపు మాట్లాడ్తవ్."

స్టెంట్ మార్చారు. రంగు కొద్దిగా వచ్చింది, నిలవలేదు. వేసవి పూర్తికాకముందే ఆయన పోయాడు.

ఇప్పటికీ ఆరు గంటలకు మెలకువ వస్తుంది. బయట కొత్త కాలనీల పాలబండ్లు తిరుగుతుంటాయి. పడుకోనియ్యి అని విసుక్కోవడానికి ఎవరూ లేరు. ఆ అబద్ధపు పొద్దుల్లో ఆయన చెప్పినవన్నీ ఒకటొకటిగా గుర్తుచేసుకుంటాను. ఒకటి మాత్రం సగంలోనే ఆగుతుంది. ఇప్పుడు ప్లాట్లయిన నేలలో అప్పట్లో ద్రాక్షతోటలుండేవి. స్నేహితులతో కలిసి కంచె దూరి, అంగీలో గుత్తులు నింపుకుని వస్తుంటే కాపలా మనిషి వెంటపడ్డాడు. అందరూ కంచె దాటారు, బావ అంగీ తీగకు చిక్కింది. అక్కడే ఆయనకు దగ్గొచ్చింది. "మిగిలింది రేపు జెప్త," అన్నాడు. ఆ మర్నాడే ఆయన అబద్ధం సంగతి చెబుతూ అక్క ఫోను చేసింది. ఆ తర్వాత ఆసుపత్రి తిరుగుళ్లలో పడి నేను అడగలేదు.

అక్కను అడిగాను. ఆ కథ తనకు ఎప్పుడూ చెప్పలేదంది, వెంట ఉన్న ఆ స్నేహితులెవరో కూడా తెలియదంది. ఆ కాపలా మనిషి ఆయన్ను పట్టుకున్నాడో, వదిలేశాడో చెప్పేవాళ్లు ఇప్పుడెవరూ లేరు.