మూడు వందల నలభై అడుగులు

పుల్లని మజ్జిగలో నానిన జొన్నరొట్టె వాసన తగిలితే చాలు, నా కాళ్లు వాటంతట అవే నడకకు సిద్ధమవుతాయి. ఈ ఉదయమూ అంతే జరిగింది. గార్ల దగ్గర చెరువు పక్కన నేను నడిపే విడిదికి ఒక పెద్ద ఇల్లుబండి వచ్చింది. లోపల పడకలు, పొయ్యి, నీళ్ల తొట్టి, ఇద్దరు పిల్లలు, గోధుమరంగు కుక్క ఒకటి. రొట్టెముక్క అరచేతిలో పెట్టుకుని కుక్క ముందు కూర్చున్నాను. అది ముందు నా ముఖం చూసింది, తర్వాత రొట్టె చూసింది, ఆ తర్వాత చేతినంతా నాకేసింది. ఆ తడి నాలుక తగిలిన ప్రతిసారీ నాకు ధర్మక్క గుర్తొస్తుంది. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. అందుకే ఆమె గురించి రాస్తున్నాను.

ధర్మక్కది భూపాలపల్లి అడవి అంచున ఉన్న ఒక తండా. ఇంట్లో లంబాడీ, మాతో తెలుగు. ఆమె తాతలు పశువులను తోలుకుంటూ చెరువు చెరువుకూ మకాం మార్చినవాళ్లు. పిల్లలు, వంటసామాను, కుక్కలు అన్నీ వెంటే నడిచేవి. ఆ అలవాటునే ఆమె ఒక పనిగా మలుచుకుంది. తండా పక్కనున్న చెరువు ఒడ్డున, బండ్లలో వచ్చే కుటుంబాలు రెండు రోజులు ఉండి పోయేందుకు, కుక్కలను కట్టే గుంజలు పాతి విడిది పెట్టింది. బొగ్గు గనుల కాలనీల నుంచి, హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు. మిగతా చోట్ల కుక్కను చూడగానే గేటు మూసేవారు. ఇక్కడ కుక్కకే ముందు మర్యాద. ఆ ఒడ్డు మీద హక్కు మాత్రం చేపలు పట్టేవాళ్లది. వాళ్ల పెద్ద సమ్మయ్య ఒకే మాట మీద ఒప్పుకున్నాడు. వచ్చిన కుక్కల్లో ఏదైనా వలను ముట్టుకుంటే, ఆ రోజుతో విడిది ఎత్తేయాలి.

నేను దేవరుప్పుల వైపు మనిషిని. ఏడో తరగతితో చదువు ఆగింది. లెక్కలు మాత్రం నేనే నేర్చుకున్నాను. జనగామ పత్తి మార్కెట్లో బస్తాలు లెక్కించే పని చేసేదాన్ని. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న ఆ ఏడు బందులతో మార్కెట్ మూతపడి, భూపాలపల్లిలో మా అక్క ఇంటికి చేరాను. పని అడగడానికి వెళ్లినప్పుడు ధర్మక్క ఒడ్డు చూపించి, "ఎన్ని బండ్లు పడ్తయి, చెప్పు" అంది. అడుగులతో కొలిచి వచ్చి ఇరవై రెండన్నాను.

"బండ్లు చెప్పినవు. మరి కుక్కలేవి?"

మళ్లీ కొలిచాను. ఒక కుక్క తాడు ఇంకో కుక్క తాడును తగలకుండా లెక్కేస్తే పద్నాలుగే వచ్చాయి. "గిప్పుడు చెప్పినవు లెక్క" అని నవ్వింది. ఆ రోజు నుంచి అందరికీ నేను లెక్కల చెల్లెనయ్యాను.

ఆమె పద్ధతి ఇది. కొత్త కుక్క వస్తే తాడు విప్పకూడదు. మన చేతి రొట్టె అది తినాలి. తిన్నాక దాన్ని విడిది హద్దు చుట్టూ ఒక్కసారి నడిపించాలి. గొర్లు నీళ్లకు వచ్చే బాట దగ్గర నిలబడాలి. పొయ్యిల దగ్గర నిలబడాలి. చివర్న, వలలు ఆరేసే గడ్డ దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు నిలబడాలి. అది అటు పోబోతే తాడు పట్టి ఆపి, "ఊహూ" అనాలి. చుట్టు మొత్తం మూడు వందల నలభై అడుగులు. ఆగుతూ నడిస్తే ఒక్కో కుక్కకు పది నిమిషాలు.

"అక్కా, ఇంత సేపెందుకు? వాళ్ల కుక్కకు వాళ్లే చెప్పుకుంటరు గదా" అన్నాను ఒకసారి.

"మనిషికి చెప్తే ఇంటడు, ఇన్నట్టు యాక్టింగన్న జేస్తడు. కుక్కకు గదంత రాదు. నడిచి చూపెట్టాలె."

ఒకరోజు మెయిన్ రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. ఉద్యమం రోజుల్లో అదొక నిరసన. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అన్నం వండి, వచ్చినవాళ్లందరికీ అక్కడే వడ్డించేవారు. సమ్మయ్య మనుషులు వలలు గడ్డ మీద ఆరేసి అక్కడికే వెళ్లారు. ధర్మక్క కూడా తండా ఆడవాళ్లతో కలిసి రొట్టెల గంప ఎత్తుకుని వెళ్లింది. దారి మూసుకుపోయిన బండ్లు ఒక్కొక్కటే మా ఒడ్డుకు తిరిగాయి. మధ్యాహ్నం రెండయ్యేసరికి పదకొండు బండ్లు, తొమ్మిది కుక్కలు. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు, వాళ్ల తిండి కూడా నేనే చూడాలి. తొమ్మిది పదులు తొంభై నిమిషాలు. నా దగ్గర అంత సమయం లేదు. కాబట్టి మూడేసి కుక్కలను కలిపి నడిపించాను. వల గడ్డ వైపున్న ఎనభై అడుగులు వదిలేశాను. అక్కడ ఇప్పుడు మనుషులే లేరు కదా అనుకున్నాను. మూడు వందల నలభైలో ఎనభై పోతే రెండు వందల అరవై. అరగంట లోపే పని ముగిసింది. నాకు గర్వంగా కూడా అనిపించింది.

నాలుగింటికి, గుంటూరు నుంచి వచ్చిన కుటుంబం వాళ్ల బంటి అనే కుక్క వలలో చిక్కుకుని కేకలు పెట్టింది. బయటపడే కంగారులో కొరికింది, పీకింది. మేము పరుగెత్తి విడిపించేసరికి వల అయిదు చోట్ల చిరిగిపోయి ఉంది.

సమ్మయ్య, ధర్మక్క ఒకేసారి తిరిగొచ్చారు. ఆయన వల చేతికెత్తుకుని చిరుగులు ఒక్కొక్కటే చూశాడు. వెనకాల ఎవరో, "ఆంధ్రోళ్ల కుక్క గదా! మన నీళ్లు సాలలే, వలలు గూడ గావాల్నట" అన్నారు. కొందరు నవ్వారు. బంటి యజమానురాలు ఏడుపు ఆపుకుంటూ, "మా వాడు ఎప్పుడూ ఇలా చెయ్యలేదండి" అంది.

ధర్మక్క నా వైపు తిరిగింది. "వల గడ్డ దాంక తిప్పినవా?"

"తిప్పిన" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ధర్మక్క తలూపి సమ్మయ్యతో, "సమ్మన్నా, మాట మాటే. పొద్దుగాల గుంజలు పీకుత" అంది.  పదేళ్ల కష్టం అది. ఒక్క సాకు కూడా చెప్పలేదు. గుంటూరామె కుక్కను ఎత్తుకుని తల దించుకుని నిలబడింది. చుట్టూ ఉన్నవాళ్లు ఆమెనే చూస్తున్నారు. నేను చేసిన తీసివేత ఎవరి మీద పడిందో అప్పుడు అర్థమైంది.

"తిప్పలే, తాతా" అన్నాను సమ్మయ్యతో. "ఎనభై అడుగులు ఎగ్గొట్టిన. ఆ కుక్కకు ఎవ్వరు చూపెట్టలే. తప్పు నాది. ఆమెది గాదు, ధర్మక్కది గాదు."

 ధర్మక్క ముఖంలో కోపం కనిపించలేదు, ఆశ్చర్యమూ కనిపించలేదు. గుంటూరామె వైపు తిరిగి, "అమ్మా, కుక్కను కిందికి దింపు. దానికి ఆంధ్రనో తెలంగాణనో తెల్వది. హద్దు తెల్వాలె, గది మేం చెప్పలే" అంది. తర్వాత సమ్మయ్యతో, "వల రేపటి మాపటికి నీళ్లల్ల ఉండాలె, అంతే గదనే? ఉంటది. ఆనెంక గుంజల ముచ్చట మాట్లాడుకుందం" అంది. నాతో మాత్రం, "లెక్కల చెల్లే, వలకు ఎన్ని కండ్లు తెగినయో లెక్కపెట్టు" అంది.

రెండు వందల పద్నాలుగు. తెల్లవారేసరికి ఆ లెక్క మా అందరి లెక్క అయింది. రోడ్డు ఇంకా మూసే ఉంది, బండ్లు కదిలే దారి లేదు. సమ్మయ్య భార్య దారం, సూదులు తెచ్చి ముడి ఎలా వేయాలో చూపించింది. గుంటూరామె అందరికంటే ముందు కూర్చుంది. "ఓ సూది ఇటివ్వండి పిన్నిగారూ, ఊరికే చూస్తూ కూర్చోలేను" అంది. మధ్యాహ్నానికి సమ్మయ్య భార్య ఆమె ముడులు చూసి, "నీ చెయ్యి మా కోడలి కన్న నయం పో" అంది. కోడలు పక్కనే ఉంది. అందరికంటే గట్టిగా నవ్వింది కూడా ఆమే. నేను మొదట్లో వేసిన పన్నెండు ముడులను సమ్మయ్య భార్య విప్పేసింది. మళ్లీ వేశాను.

సాయంత్రం సమ్మయ్య వలను వెలుతురుకు పట్టి చూసి భుజాన వేసుకున్నాడు. "ధర్మీ, గుంజలు ఉండనియ్" అన్నాడు. నా వైపు వేలు చూపించి, "కని ఇప్పటి సంది కుక్కల్ని ఈమెనే తిప్పాలె. ఒక్కొక్కదాన్నే" అని వెళ్లిపోయాడు.

అప్పటికప్పుడే మొదలుపెట్టాను. బంటితో మొదలై తొమ్మిది చుట్లు, మూడు వేల అరవై అడుగులు. ఆఖరి చుట్టులో ధర్మక్క నా పక్కన నడిచింది. తిప్పలేదని తనకు ముందే తెలుసా అని అడిగాను.

"వల గడ్డకాడ నల్లమట్టి. బంటి గాక ఎనిమిది కుక్కల కాళ్లు చూసిన, అన్నిటికి ఎర్రదుమ్మే ఉండె. నువ్వు లెక్కపెట్టనిది నేను లెక్కపెట్టిన."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే?"

"నీ నోటితోని రావాలె గద చెల్లే. గుంజలు పోతె మళ్ల పాతుకుంట."

గుంజలు పోలేదు. పోయినా ఆమె మళ్లీ పాతేదే, ఆ విషయంలో నాకు సందేహం లేదు. ధర్మక్క పోయాక ఆ ఒడ్డు ఆమె మేనకోడలు చూసుకుంటోంది. ధర్మక్క చేతి తాడు నా దగ్గరికి వచ్చింది. మహబూబాబాద్ వైపు వచ్చి నా సొంత విడిది పెట్టినప్పుడు ముందుగా కొలిచింది హద్దు. నాలుగు వందల పన్నెండు అడుగులు వచ్చింది.

ఈ ఉదయం ఇల్లుబండి యజమాని గడియారం చూసుకుంటూ, "ఎంతసేపు పడుతుందమ్మా? పిల్లలు ఈతకు తొందరపడుతున్నారు" అన్నాడు. పన్నెండు నిమిషాలని చెప్పాను. ఇక్కడి చేపలవాళ్ల వల గడ్డ దగ్గర ఇవాళ ఎవరూ లేరు, వలలూ లేవు. గోధుమరంగు కుక్క అటు లాగింది. తాడు బిగించి "ఊహూ" అన్నాను. అది కూర్చుంది. నేనూ దాని పక్కనే నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి దాని నాలుగు కాళ్లకూ, నా రెండు కాళ్లకూ నల్లమట్టి అంటింది. అది చూసుకున్నాకే తాడు విప్పాను.